నామినేషన్ల జాబితాలో దర్శకురాలి పేరు: ఏ జల్లెడ దగ్గర ఆగిపోతోంది?

లేపాక్షి ఊరి అంచున ఒకే రాతిలో మలిచిన నంది సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు ఉంటుంది. దాని మెడలోని గంటల పట్టెడలో ప్రతి గంటనూ శిల్పి విడివిడిగా చెక్కాడు. తెలుగు సినిమాకు 1964 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ఇస్తూ వచ్చిన నంది పురస్కారానికి రూపం ఇక్కడిదే. పోయిన వేసవిలో అనంతపురం నుంచి మా చెల్లెలి కూతుర్ని అక్కడికి తీసుకువెళ్లాను. ఆ పిల్ల డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, సెల్‌ఫోన్‌తో చిన్న సినిమాలు తీస్తుంది. నంది చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, నీడలో కూర్చుని అడిగింది: "పెద్దమ్మా, ఆస్కార్ లిస్టు వస్తానే డైరెక్షన్‌లో ఆడోళ్లు లేరని ప్రతి ఏడూ గొడవ అయితాది గదా. మన దగ్గర ఆ గొడవే ఇనపడదేం?"

ఆ ప్రశ్నకు నేను అప్పటికప్పుడు చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. మన దగ్గర గొడవ వినపడకపోవడానికి కారణం ఇక్కడ అన్యాయం లేకపోవడమూ కాదు, మనం మరీ ఓర్పుగలవాళ్లం కావడమూ కాదు. గొడవపడాలంటే ముందు ఒక జాబితా కనపడాలి. మన పురస్కారాల్లో చాలావాటికి ఆ జాబితానే ఉండదు. ఈ వ్యాసం ఆ జవాబును వివరంగా చెప్పే ప్రయత్నం.

ఎంట్రీ, నామినేషన్, పురస్కారం: మూడు వేర్వేరు మెట్లు

పత్రికల్లోనూ టీవీ చర్చల్లోనూ ఈ మాటలను కలిపేసి వాడుతుంటారు. అసలు గందరగోళం అక్కడే మొదలవుతుంది.

ఎంట్రీ అంటే సినిమాను పరిశీలనకు పంపడం. ఈ పని చేసేది సాధారణంగా నిర్మాత. దర్శకురాలు ఎంత గొప్ప సినిమా తీసినా నిర్మాత దరఖాస్తు పంపకపోతే ఆ సినిమా అసలు పోటీలోనే ఉండదు. కొన్ని విభాగాల్లో ఎంట్రీల నుంచి ముందుగా ఒక పొట్టి జాబితాను వడకడతారు, దాన్నే షార్ట్‌లిస్ట్ అంటారు. నామినేషన్ అంటే తుది పోటీకి నిలిచిన ఐదుగురో పదిమందో. వారిలో ఒకరికి దక్కేది పురస్కారం.

"విస్మరించారు" అన్న మాట వాడినప్పుడు ఏ మెట్టు మీద విస్మరించారన్నది కూడా చెప్పాలి. ఎంట్రీయే వెళ్లని సినిమాను జ్యూరీ విస్మరించిందనడం సరికాదు. నామినేషన్ వచ్చి పురస్కారం రాకపోతే దాన్ని ఓటమి అనాలి తప్ప విస్మరణ అనలేము. అందరూ చూసి, మెచ్చుకుని, ఇతర విభాగాల్లో పేర్కొని, దర్శకత్వం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పేరు వదిలేసినప్పుడే ఆ మాటకు బలం వస్తుంది.

ఆస్కార్ దర్శకుల జాబితాను ఎవరు తయారుచేస్తారు

ఆస్కార్ పురస్కారాలు 1929లో మొదలయ్యాయి. ఉత్తమ దర్శకత్వ విభాగంలో ఒక స్త్రీ పేరు తొలిసారి కనిపించింది 1977 వేడుకలో, అది ఇటలీకి చెందిన లీనా వెర్ట్‌ముల్లర్ పేరు. ఆ తరువాతి పేరు కోసం 1994 దాకా, అంటే న్యూజీలాండ్ దర్శకురాలు జేన్ క్యాంపియన్ దాకా ఆగవలసివచ్చింది. 2004లో సోఫియా కొప్పోలా, 2010లో క్యాథరిన్ బిగెలో ఆ జాబితాలోకి వచ్చారు. వీరిలో బిగెలో గెలిచి, ఆ పురస్కారం అందుకున్న తొలి మహిళ అయ్యారు. 2018లో గ్రెటా గెర్విగ్, 2021లో ఒకేసారి క్లోయి జావో, ఎమరాల్డ్ ఫెనెల్, 2022లో మళ్లీ క్యాంపియన్, 2024లో జస్టీన్ త్రియే, 2025లో కొరాలీ ఫార్జా వచ్చారు. 2025 వరకు లెక్క కడితే తొమ్మిదిమంది స్త్రీలకు పది నామినేషన్లు, మూడు విజయాలు: బిగెలో, జావో, క్యాంపియన్. దాదాపు ఒక శతాబ్దపు లెక్క ఇది.

ఈ జాబితాను ఆస్కార్ ఇచ్చే సంస్థ అయిన అకాడమీ సభ్యులందరూ కలిసి తయారుచేయరు. నటులకు నటులు, ఛాయాగ్రాహకులకు ఛాయాగ్రాహకులు నామినేషన్ ఓటు వేసినట్టే, దర్శకత్వ విభాగానికి దర్శకుల శాఖలోని కొన్ని వందలమంది సభ్యులు మాత్రమే ఓటు వేస్తారు. ఉత్తమ చిత్రానికి మాత్రం అన్ని శాఖలవాళ్లూ నామినేట్ చేస్తారు. అందుకే ఒకే సంవత్సరం, ఒకే సినిమా విషయంలో రెండు వేర్వేరు సమూహాలు రెండు వేర్వేరు అభిప్రాయాలు చెప్పే అవకాశం ఉంది. ఇది ఎవరి కుట్రా కాదు, పద్ధతే అలాంటిది. అయితే దర్శకుల శాఖలో చిరకాలంగా పురుషులే అత్యధికులు కాబట్టి, ఆ పద్ధతి ఎవరి అభిరుచికి ఎక్కువ బరువు ఇస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే.

ఇరవై ముగ్గురు ఓటర్ల లెక్క

ఓట్లను లెక్కించే విధానం కూడా ఫలితాన్ని మారుస్తుంది. నామినేషన్ల దశలో అకాడమీ వాడేది ప్రాధాన్య ఓటు. ఓటరు తన ఇష్టాలను ఒకటి, రెండు, మూడు అంటూ వరుసలో రాస్తారు. ఇది మనకు కొత్తేమీ కాదు, ఎమ్మెల్సీ ఎన్నికల్లో పట్టభద్రులు, ఉపాధ్యాయులు వేసే ఓటు ఇలాంటిదే.

అనంతపురంలో 23 మంది సభ్యులున్న ఒక సినిమా బృందం ఉందనుకుందాం. ఐదుగురు దర్శకుల నుంచి ముగ్గురిని నామినేట్ చేయాలి. స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి ఓట్లను భాగిస్తే, అంటే 23ను 4తో భాగిస్తే, 5.75 వస్తుంది. కాబట్టి ఆరు ఓట్లు తెచ్చుకున్నవారు నెగ్గినట్టు. మొదటి ప్రాధాన్య ఓట్లు ఇలా పడ్డాయనుకోండి: ఒకటో దర్శకుడికి 6, రెండో దర్శకుడికి 6, మూడో దర్శకుడికి 5, నాలుగో దర్శకుడికి 4, ఐదో స్థానంలో ఉన్న దర్శకురాలికి 2. మొదటి ఇద్దరు వెంటనే నెగ్గారు. మూడో స్థానం కోసం అందరికంటే తక్కువ ఓట్లు వచ్చిన దర్శకురాలిని పోటీ నుంచి తప్పిస్తారు. ఆమెకు పడిన రెండు ఓట్లలో ఒకటి రెండో ప్రాధాన్యం ప్రకారం మూడో దర్శకుడికి చేరుతుంది. ఆయనకు ఆరు అయ్యాయి, లెక్క పూర్తయింది.

ఇప్పుడు అవే ఓటు కాగితాలను మళ్లీ తెరిచి చూద్దాం. మిగిలిన 21 మందిలో 15 మంది ఆ దర్శకురాలి పేరును రెండో స్థానంలో రాశారనుకోండి. వరుస లేకుండా తమకు నచ్చిన మూడు పేర్ల పక్కన టిక్కు పెట్టమని అడిగి ఉంటే ఆమెకు 23 మందిలో 17 మంది మద్దతు ఉండేది, మొదటి ముగ్గురిలో ఆమె ఉండటం దాదాపు ఖాయమయ్యేది. ఓటర్లు మారలేదు, వాళ్ల అభిప్రాయాలూ మారలేదు. ఎవరి మనసులోనూ ద్వేషం లేదు. అయినా ఆమె పేరు లేదు. కొద్దిమందికైనా ప్రాణప్రదమైన సినిమాకు ఈ పద్ధతి మేలు చేస్తుంది, అందరికీ బాగానే నచ్చిన సినిమాకు చేటు చేస్తుంది. దీన్ని సమర్థించేవాళ్లు చెప్పే కారణం కూడా బలమైనదే: ఒకే పెద్ద గుంపు ఐదు స్థానాలనూ ఊడ్చుకుపోకుండా, చిన్న గుంపుల అభిరుచికీ చోటు దొరకాలంటే ఇదే మార్గం.

ఇందులో స్త్రీలకు సంబంధించిన మెలిక ఒకటుంది. మొదటి ప్రాధాన్యం అనేది మెప్పు కంటే ఆత్మీయతకు దగ్గరి విషయం. ఓటరు తన బాల్యాన్ని, తన వృత్తి కష్టాన్ని, తనకు తెలిసిన లోకాన్ని తెర మీద చూసినప్పుడు ఆ సినిమాను మొదట రాస్తాడు. "చాలా బాగా తీసింది" అనిపించిన సినిమాను రెండోదిగా రాస్తాడు. రెండో స్థానాలు ఎన్ని పోగుపడినా లెక్క మొదలైనప్పుడు వాటికి విలువ సున్నా.

పది సినిమాలు, ఐదు కుర్చీలు

2024 జనవరిలో 'బార్బీ' చిత్రానికి ఎనిమిది నామినేషన్లు వచ్చి, దర్శకురాలు గ్రెటా గెర్విగ్‌కు దర్శకత్వ నామినేషన్ రానప్పుడు ఎంత చర్చ జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంతకుముందు 2020లో 'లిటిల్ విమెన్'కూ ఆమెకు ఇదే జరిగింది. 2015లో 'సెల్మా'కు ఎవా డువెర్నేకూ, 1992లో 'ది ప్రిన్స్ ఆఫ్ టైడ్స్'కు బార్బ్రా స్ట్రైశాండ్‌కూ ఇలాగే సినిమా ఉత్తమ చిత్రాల వరుసలో నిలిచింది, దర్శకురాలి పేరు మాత్రం దర్శకుల వరుసలో లేదు.

ఈ ఉదాహరణలు మనసును నొప్పిస్తాయి. ఒక్కో ఉదాహరణ నిజమే అయినా వాటిని గుదిగుచ్చి చూపినంత మాత్రాన నిరూపణ కాదు. ఉత్తమ చిత్రానికి పది స్థానాలు, దర్శకత్వానికి ఐదు స్థానాలు ఉన్నాక ప్రతి ఏడాదీ కనీసం ఐదు చిత్రాల దర్శకులు బయట ఉండక తప్పదు. 2024లో తమ చిత్రాలు ఆ పదిలో ఉన్నా అలెగ్జాండర్ పేన్, బ్రాడ్లీ కూపర్, కార్డ్ జెఫర్సన్ అనే ముగ్గురు పురుషులు కూడా బయటే ఉన్నారు. కాబట్టి స్త్రీలు తీసిన సినిమాలకు, పురుషులు తీసిన సినిమాలకు ఈ బయట ఉండటం సమానంగా జరుగుతోందా అని అడగాలి.

ఉత్తమ చిత్రాల సంఖ్య కచ్చితంగా పది అని స్థిరపడిన 2022 నుంచి 2025 వరకు నాలుగు వేడుకలను నేను చేత్తో లెక్క వేశాను. మొత్తం 40 చిత్రాలు. వాటిలో స్త్రీలు దర్శకత్వం వహించినవి ఏడు: 2022లో 'ది పవర్ ఆఫ్ ది డాగ్', 'కోడా', 2023లో 'విమెన్ టాకింగ్', 2024లో 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్', 'బార్బీ', 'పాస్ట్ లైవ్స్', 2025లో 'ది సబ్‌స్టాన్స్'. ఈ ఏడింటిలో మూడింటి దర్శకురాళ్లకు నామినేషన్ వచ్చింది. పురుషులు తీసిన 33 చిత్రాల్లో 17 చిత్రాల దర్శకులకు వచ్చింది. అంటే స్త్రీల వైపు నూటికి 43, పురుషుల వైపు నూటికి 52. తేడా ఉంది. కానీ ఏడు సినిమాల మీద ఆ తేడా ఎంత పలుచనిదంటే, ఇంకొక్క పేరు చేరి ఉంటే స్త్రీల వైపు 57 అయ్యేది.

ఈ లెక్క వేసే ముందు తేడా చాలా పెద్దగా ఉంటుందని అనుకున్నాను. అలా లేదు. కొట్టొచ్చినట్టు కనిపించేది మరో అంకె: 40లో 7. అసలు వడపోత దర్శకుల శాఖ గదిలో జరిగేలోపే చాలావరకు పూర్తయిపోతోంది.

"అసలు తీసేవాళ్లే తక్కువ" అన్న వాదన ఎంతవరకు నిలుస్తుంది

ఈ చర్చలో తరచుగా వినిపించే సమాధానం ఇదే. సాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీలో ఏటా జరిగే అధ్యయనం ప్రకారం 2023లో అమెరికాలో అత్యధిక వసూళ్లు సాధించిన 250 చిత్రాల దర్శకుల్లో స్త్రీలు 16 శాతం. పైన చూసిన 40లో 7 అంటే 17.5 శాతం. రెండు అంకెలూ దాదాపు ఒకటే. ఉన్నవాళ్లలోంచే కదా ఎంచుకునేది అని వాదించేవాళ్ల మాట ఇక్కడ నిలుస్తుంది.

పాత సంవత్సరాలకు ఇది ఎంత వర్తిస్తుందో చూద్దాం. 2011 నుంచి 2017 వరకు ఏడు వేడుకల్లో దర్శకత్వ నామినేషన్ ఒక్క స్త్రీకీ రాలేదు. అప్పట్లో దర్శకుల్లో స్త్రీలు నూటికి ఏడుగురే అనుకుందాం. ఐదు పేర్లనూ కళ్లు మూసుకుని తీస్తే, ఒక ఏడాది ఐదుగురూ పురుషులే అయ్యే అవకాశం నూటికి 70. వరుసగా ఏడేళ్లూ అలాగే జరిగే అవకాశం నూటికి సుమారు 8. అరుదే కానీ జరగరానిది కాదు. అదే స్త్రీలు నూటికి 16 మంది ఉన్న కాలంలో వరుసగా ఏడేళ్లు ఒక్క పేరూ రాకపోతే, అలా జరిగే అవకాశం వెయ్యికి రెండు. అప్పుడు యాదృచ్ఛికం అనడం కష్టం. ఒక్క ఏడాది జాబితాను చూసి తీర్పు చెప్పకూడదనీ, దశాబ్దాల జాబితాను చూసి మౌనంగా ఉండకూడదనీ ఈ అంకగణితమే చెబుతోంది.

అయితే ఈ వాదన ఒక చోట తనకు తానే అడ్డుపడుతుంది. "తీసేవాళ్లు తక్కువ" అన్నది కారణం కాదు, అదే జవాబు చెప్పవలసిన ప్రశ్న. ఎందుకు తక్కువ? తొలి సినిమా తీసిన స్త్రీకి రెండో సినిమా అవకాశం ఎన్నేళ్లకు వస్తోంది? ఎంత పెట్టుబడి వస్తోంది? నామినేషన్ వచ్చిన దర్శకుడి తరువాతి సినిమాకు పెట్టుబడి దొరకడం తేలికవుతుంది. ఆ పెట్టుబడితో తీసిన సినిమాకు ప్రచారం దక్కుతుంది, ఆ ప్రచారం ఓటర్ల దాకా చేరుతుంది. నామినేషన్ కొరత, అవకాశాల కొరత ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. మా జిల్లాలో విత్తనపు చెనక్కాయలను జల్లెడ పట్టేటప్పుడు పైన ఏం పోశారో అదే కింద మిగులుతుంది. ఆఖరి జల్లెడ కన్నాలను మాత్రమే కొలిచి విత్తనం గురించి ఏమీ తేల్చలేము.

కథకు కిరీటం, దర్శకత్వానికి మౌనం

లెక్కలకు సులువుగా చిక్కని విషయం ఇది. ఈ చర్చ మొత్తంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది కూడా ఇదే.

జేన్ క్యాంపియన్ 1994లో గెలిచింది దర్శకత్వానికి కాదు, రచనకు. సోఫియా కొప్పోలా 2004లో గెలిచింది రచనకు. ఎమరాల్డ్ ఫెనెల్, జస్టీన్ త్రియే ఇద్దరికీ దర్శకత్వ నామినేషన్ ఉంది, చేతికి వచ్చింది రచన పురస్కారం. 'విమెన్ టాకింగ్' తీసిన సేరా పోలీకి 2023లో దర్శకత్వ నామినేషన్ లేదు, రచనకు పురస్కారం ఉంది. అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ 'కోడా'. 2022లో అది ఉత్తమ చిత్రంగా గెలిచింది, దర్శకురాలు సియాన్ హేడర్ రచనకు పురస్కారం అందుకున్నారు, దర్శకుల ఐదు పేర్లలో ఆమె పేరు లేదు.

దర్శకుడికి నామినేషన్ లేకుండా సినిమా గెలవడం పురుషుల విషయంలోనూ జరిగింది. 1990లో 'డ్రైవింగ్ మిస్ డైసీ', 2013లో 'ఆర్గో', 2019లో 'గ్రీన్ బుక్' అలాగే గెలిచాయి. రచన పురస్కారం ఓదార్పు బహుమతిగా మగవాళ్లకూ దక్కుతుంటుంది. కాబట్టి ఇది స్త్రీలకు మాత్రమే జరిగే అన్యాయమని చెప్పలేను. కానీ స్త్రీల చిట్టా ఇంత చిన్నదై, అందులో ఇన్నిసార్లు ఇదే వరస కనపడటాన్ని తేలిగ్గా కొట్టిపారేయనూ లేను. ఇంట్లో కథ చెప్పే అమ్మమ్మను అందరూ ఒప్పుకుంటారు. ఇల్లు కట్టే మేస్త్రీగా ఆడమనిషిని ఒప్పుకోవడానికి మాత్రం కాలం పడుతుంది. రచన గదిలో కూర్చుని చేసే పని, దర్శకత్వం రెండువందల మందిని ఎండలో నిలబెట్టి చేయించే పని. ఆ రెండో పనిలో స్త్రీని ఊహించుకోవడానికి ఓటరు మనసు ఎక్కడో తటపటాయిస్తోందన్నది నా అభిప్రాయం. అంకెలు దీన్ని సూచిస్తాయి, నిరూపించవు.

నామినేషన్లే లేని చోట

ఇప్పుడు మా పిల్ల అడిగిన ప్రశ్న దగ్గరికి వద్దాం. మన జాతీయ చలనచిత్ర పురస్కారాలకు నామినేషన్లు ఉండవు. సంబంధిత క్యాలెండర్ సంవత్సరంలో సెన్సార్ ధ్రువీకరణ పొందిన చిత్రాలను నిర్మాతలు పంపుతారు. ప్రాంతీయ జ్యూరీలు వడపోసి కొన్నిటిని కేంద్ర జ్యూరీ ముందుంచుతాయి. చివరికి విజేతల పేర్లు చదువుతారు. ఎవరు అంచు దాకా వచ్చి ఆగారో బయటివాళ్లకు తెలియదు. నంది పురస్కారాల ఎంపిక కూడా జ్యూరీ పద్ధతిలోనే సాగింది. విస్మరణ జరిగినా దానికి ఆనవాలు మిగలదు.

ఈ పద్ధతికి మంచివైపు లేకపోలేదు. ఓట్ల కోసం విందులు, ప్రచార ఖర్చులు ఉండవు. చిన్న భాషలో, చిన్న పెట్టుబడితో తీసిన సినిమాను కూడా జ్యూరీ కూర్చుని చూస్తుంది. 2018లో ప్రకటించిన 65వ జాతీయ పురస్కారాల్లో అస్సామీ చిత్రం 'విలేజ్ రాక్‌స్టార్స్' ఉత్తమ చిత్రం కావడమే ఇందుకు సాక్ష్యం. రచన, దర్శకత్వం, నిర్మాణం, ఛాయాగ్రహణం, కూర్పు అన్నీ రీమా దాస్ చేసుకున్న సినిమా అది. ఆమెకు కూర్పు పురస్కారం కూడా వచ్చింది. ఉత్తమ దర్శకుడి పురస్కారం మాత్రం మలయాళ దర్శకుడు జయరాజ్‌కు వెళ్లింది. 68వ పురస్కారాల్లో తెలుగింటి ఆడపడుచు సుధ కొంగర తీసిన తమిళ చిత్రం 'సూరరై పోట్రు' ఉత్తమ చిత్రమైంది, నటి, నేపథ్య సంగీతం పురస్కారాలూ దానికే వచ్చాయి, నటుడి పురస్కారంలో దాని కథానాయకుడికి, స్క్రీన్‌ప్లే పురస్కారంలో సుధకు భాగం దక్కింది. ఉత్తమ దర్శకుడి పురస్కారం అప్పటికే మరణించిన మలయాళ దర్శకుడు సచీకి ప్రకటించారు.

రెండూ పక్కపక్కన పెడితే వెంటనే ఒక నిర్ణయానికి రాబుద్ధవుతుంది. కానీ 65 నుంచి 71 వరకు ఏడు విడతలనూ చూస్తే, ప్రతిసారీ ఉత్తమ చిత్రం ఒకరిదీ ఉత్తమ దర్శకత్వం మరొకరిదీ. మిగిలిన ఐదు విడతల్లో ఉత్తమ చిత్రాల దర్శకులు పురుషులే, వాళ్లకూ దర్శకత్వ పురస్కారం రాలేదు. అవార్డులను పంచడం జ్యూరీలకు అలవాటైనట్టుంది. పైగా ఉత్తమ చిత్రానికిచ్చే స్వర్ణ కమలం నిర్మాతతో పాటు దర్శకులకూ అందుతుంది. కాబట్టి రీమా దాస్, సుధ కొంగర ఉదాహరణలు విడిగా ఏ వివక్షనూ రుజువు చేయవు.

రుజువుకు దగ్గరగా వచ్చేది పొడవాటి చిట్టా. ఉత్తమ దర్శకత్వ పురస్కారాన్ని 1967 చిత్రాల నుంచి ఇస్తున్నారు. అర్ధ శతాబ్దానికి పైగా సాగిన ఆ వరుసలో ఉన్న స్త్రీ ఒక్కరే, బెంగాలీ దర్శకురాలు అపర్ణా సేన్. 1981 చిత్రాలకు ఒకసారి, 2002 చిత్రాలకు ఇంకొకసారి ఆమె అందుకున్నారు. ఆ తరువాత మళ్లీ ఏ స్త్రీ పేరూ చదవలేదు.

ఒక స్త్రీని కాదని మరో స్త్రీని పంపినప్పుడు

2024లో జరిగిన ఒక వివాదం ఈ విషయంలోని చిక్కును బాగా చూపిస్తుంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాలలో చదువుకున్న పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి గెలిచింది. ఆస్కార్ అంతర్జాతీయ చిత్ర విభాగానికి ప్రతి దేశం ఒక్క సినిమానే పంపాలి. మన దేశం తరఫున ఎంపిక చేసేది ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. ఆ సంస్థ కపాడియా సినిమాను కాకుండా 'లాపతా లేడీస్'ను పంపింది. దాని దర్శకురాలు కిరణ్ రావు. ఎంపిక చేసిన కమిటీలో ఉన్న పదముగ్గురూ పురుషులు. ఎంపిక పత్రం భారతీయ స్త్రీని లొంగుబాటు, ఆధిపత్యాల వింత కలయికగా వర్ణిస్తూ మొదలుకావడం మీద కూడా విమర్శలు వచ్చాయి.

స్త్రీ తీసిన సినిమాను పంపారు కాబట్టి ఇక్కడ స్త్రీలను విస్మరించారనడానికి వీల్లేదని ఒక పక్షం. ఏ రకమైన స్త్రీ కథ తమకు సౌకర్యంగా ఉందో దాన్నే ఎంచుకున్నారని మరో పక్షం. రెండు మాటల్లోనూ నిజం ఉంది. 'లాపతా లేడీస్' ఇక్కడి ప్రేక్షకులు గుండెకు హత్తుకున్న సినిమా, దాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. ఆ డిసెంబరులో వచ్చిన పదిహేను చిత్రాల షార్ట్‌లిస్ట్‌లో అది లేదు. బ్రిటన్ తన తరఫున పంపిన హిందీ చిత్రం, సంధ్యా సూరి తీసిన 'సంతోష్' ఉంది. కపాడియా అమెరికాలోనే ఇచ్చే మరో పురస్కారం గోల్డెన్ గ్లోబ్‌లో ఉత్తమ దర్శకత్వానికి నామినేట్ అయిన తొలి భారతీయ మహిళ అయ్యారు. "స్త్రీలు" అనే ఒకే మూటలో అందరినీ కట్టి లెక్కపెట్టడం ఎక్కడ చాలదో ఈ ఒక్క ఏడాది చాలినంతగా చూపింది.

తెలుగులో మొదటి జల్లెడ

తెలుగులో భానుమతి 1953లోనే 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తీశారు. సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు' తీశారు. విజయనిర్మల 44 చిత్రాలకు దర్శకత్వం వహించి, అత్యధిక చిత్రాలు తీసిన మహిళా దర్శకురాలిగా 2002లో గిన్నిస్ గుర్తింపు పొందారు. ఆ తరువాత బి. జయ, జీవిత, నందినిరెడ్డి, మరికొందరు వచ్చారు. 2011లో వచ్చిన 'అలా మొదలైంది'కి నందినిరెడ్డి తొలిచిత్ర దర్శకురాలిగా నంది అందుకున్నారు.

భానుమతికి భరణీ పిక్చర్స్ ఉంది. విజయనిర్మలకు సొంత నిర్మాణ సంస్థ ఉంది. సావిత్రి అప్పటికే మహానటి. దర్శకురాలి కుర్చీ దాకా వెళ్లగలిగిన ఆ తరం స్త్రీలు ముందే తారలు, కొందరు నిర్మాతలు కూడా. కడప జిల్లా నుంచి బి.ఎన్. రెడ్డి, తాడిపత్రి నుంచి కె.వి. రెడ్డి మద్రాసు వెళ్లి దర్శకులైనట్టు, తార కాని ఒక సీమ అమ్మాయి ఆ రోజుల్లో వెళ్లి దర్శకురాలు కావడం ఊహకు కూడా అందని విషయం. ఎంట్రీ పంపేది నిర్మాత కాబట్టి, తానే నిర్మాత కాని స్త్రీ పేరు పురస్కారాల మొదటి మెట్టు ఎక్కాలంటే ఇంకెవరో పూనుకోవాలి. విజయనిర్మలకు 2008లో రఘుపతి వెంకయ్య పురస్కారం వచ్చింది. అది జీవితకాల సేవకు ఇచ్చేది. సినిమా విడుదలైన ఏడాదే దర్శకురాలిగా గుర్తించడం, వయసు మీద పడ్డాక శాలువా కప్పడం ఒకటి కాదు. మొదటిది తరువాతి సినిమాకు దారి తీస్తుంది.

ఇక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014, 2015, 2016 సంవత్సరాల నందులను 2017 నవంబరులో ఒకేసారి ప్రకటించిన తరువాత ఆ వరుస ఏళ్ల తరబడి ఆగిపోయింది. తెలంగాణ 2025లో గద్దర్ పేరిట పురస్కారాలు ఇచ్చింది.

విడిగా ఒక విభాగం పెడితే?

నటనకు నటుడు, నటి అని రెండు విభాగాలు ఉన్నప్పుడు దర్శకత్వానికి ఎందుకు ఉండకూడదని కొందరి వాదన. దానివల్ల ప్రతి ఏడాదీ ఐదుగురు దర్శకురాళ్ల పేర్లు ప్రజల నోట నానతాయి, పెట్టుబడి పెట్టేవాళ్ల చెవిన పడతాయి. నటుల విభజన లేకపోతే నటీమణుల జాబితా కూడా దర్శకురాళ్ల జాబితాలాగే ఉండేదని వాళ్లు గుర్తుచేస్తారు. దీనికి ఎదురు వాదన: అలా చేస్తే "అసలు" పురస్కారం మగవాళ్లదిగానే మిగిలిపోయి, పక్కన రెండో పీట వేసినట్టవుతుంది. బెర్లిన్ చిత్రోత్సవం 2021 నుంచి నటనలోనే ఆడ, మగ విభజన తీసేసి లోకం ఏ దిక్కుకు నడవాలో తన అభిప్రాయం చెప్పింది. ఇక మూడో దారి, జ్యూరీల్లో, ఓటర్లలో స్త్రీల సంఖ్య పెంచడం. ఆస్కార్ అకాడమీ 2016 తరువాత కొత్త సభ్యులను పెద్ద ఎత్తున చేర్చుకుంది. 2021 నుంచి 2025 వరకు ఐదేళ్లలో దర్శకత్వ నామినేషన్లు ఐదు స్త్రీలకు వచ్చాయి, అంతకుముందు తొంభై ఏళ్లకు పైగా కాలంలోనూ ఐదే వచ్చాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను నమ్ముతాను. అయితే అదే కాలంలో సినిమాలు తీసే స్త్రీల సంఖ్య కూడా పెరిగింది కాబట్టి, ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం కష్టం.

లేపాక్షి నుంచి వచ్చిన పది రోజులకు మా పిల్ల ఒక లఘుచిత్రాల పోటీ దరఖాస్తు తెచ్చి నా ముందు పెట్టింది. చెరువుకట్ట మీద గొర్రెలు కాసే ఒక అవ్వ మీద తీసిన పదకొండు నిమిషాల సినిమా. సినిమా పేరు, నిడివి, భాష, దర్శకుడు అన్న గళ్లన్నీ చక్కటి దస్తూరీతో నింపింది. దాని కింద "నిర్మాత పేరు, సంతకం" అన్న గడి ఖాళీగా ఉంది. అక్కడ వాళ్ల నాన్న పేరు రాయాలా అని అడిగింది. సినిమాకు ఎంత ఖర్చయిందని అడిగాను. బస్సు చార్జీలకు, అవ్వకు కొన్న చీరకు కలిపి పద్నాలుగు వందలు, ట్యూషన్ చెప్పి సంపాదించుకున్నవే అంది. పెన్ను తన చేతికే ఇచ్చాను. దర్శకుడు అన్న చోట రాసిన పేరునే కింది గడిలో కూడా రాసి, సంతకం చేసింది.